ఆరు బడులు, ఒక విద్యా సంవత్సరం: వర్క్‌షీట్ల ప్రాజెక్టు డైరీ, హైదరాబాద్ 2020–21

జూన్ 2020, మూడో వారం

మామూలు ఏడాదైతే ఈపాటికి బడిబాటలో తిరుగుతూ ఉండేవాళ్లం. గల్లీ గల్లీకి వెళ్లి, గుమ్మాల ముందు నిలబడి, "అమ్మా, పాపను ఒకటో తరగతిలో వేశారా?" అని అడిగే రోజులివి. ఈసారి కరోనా వల్ల మార్చి మధ్యలో బడులకు వేసిన తాళం ఇంకా తీయలేదు. పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లకే ఆగిపోయాయి. ఈ నెల 8న రాష్ట్రంలోని 5.34 లక్షల మంది పదో తరగతి పిల్లలను పరీక్షలు లేకుండానే పాస్ చేశారు. వాళ్ల టెన్షన్ అలా తీరింది. మిగతా తరగతుల పిల్లలకు చదువు ఎప్పుడు మొదలవుతుందో ఇంకా తేలలేదు.

చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల ఉన్న ఆరు ప్రభుత్వ బడుల టీచర్లం కొందరం ఫోన్లలోనే మాట్లాడుకొని ఈ పని మొదలుపెడుతున్నాం. రెండు హైస్కూళ్లు, నాలుగు ప్రైమరీలు. వాటిలో రెండు ఉర్దూ మీడియం. అనుకున్నది చాలా చిన్నది: ప్రతి పిల్లకూ పిల్లవాడికీ వారానికి ఒకసారైనా చేత్తో చేసే పని, అంటే ఒక వర్క్‌షీటు అందాలి, వారానికి ఒకసారైనా టీచర్ గొంతు వినపడాలి. జరిగింది జరిగినట్టు ఇందులో రాసి పెడదామని గ్రూపులో అందరూ అన్నారు. రాసే పని నాకు అప్పగించారు.

మొదటి పని, పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవడం. అడ్మిషన్ రిజిస్టర్లు ముందు పెట్టుకొని ఫోన్లు కలిపాం. చాలా నంబర్లు మోగనే లేదు. లాక్‌డౌన్‌లో రీచార్జి చేయించలేక వదిలేసిన సిమ్ములు కొన్ని. పని దొరక్క సొంత ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లవి కొన్ని. అయితే ఒక పిల్లవాడు దొరికితే వాడి ద్వారా ఆ గల్లీలో ఇంకో నలుగురి జాడ తెలుస్తోంది. ఎవరు ఎక్కడ ఉంటారో మా రిజిస్టర్ల కంటే పిల్లలకే బాగా తెలుసు.

ఇంకో సంగతి కూడా ఈ కాల్స్‌లోనే తెలిసింది. "ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఉందా?" అంటే "ఉంది మేడం" అంటున్నారు. "పగలు ఇంట్లో ఉంటుందా?" అని అడిగితే జవాబు మారిపోతోంది. ఫోన్ ఆటో నడిపే నాన్న జేబులో ఉంటుంది, లేదంటే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లే అమ్మ కొంగున ఉంటుంది. రాత్రి ఎనిమిదికి ఇంటికి చేరుతుంది. అప్పటికి ముగ్గురు పిల్లలు దాని కోసం కాచుకొని ఉంటారు, చార్జింగేమో పది శాతం ఉంటుంది. ఉదయం పదింటి ఆన్‌లైన్ క్లాసు ఈ పిల్లలకు అందదు. మేం చేసే ప్రతిదీ రాత్రి ఎనిమిది తర్వాత కూడా పనికొచ్చేలా ఉండాలని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

ఆగస్టు 2020

పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాస్కులు కట్టుకొని, తల్లిదండ్రులను విడతలుగా పిలిచి పంచాం. ఈ నెల 27 నుంచి టీచర్లు బడికి రావాలని ఉత్తర్వు వచ్చింది. పిల్లలు లేని స్టాఫ్ రూములో కూర్చుంటే ఏ చప్పుడూ లేక చెవులు గింగురుమంటున్నాయి.

వర్క్‌షీటు ఎలా ఉండాలన్న దాని మీద బాగా వాదించుకున్నాం. చివరికి కుదిరింది ఇది. ఒక సబ్జెక్టుకు వారానికి ఒకే ఏ4 కాగితం, రెండు వైపులా. మొదటి వైపు పైభాగాన పెద్ద అక్షరాల్లో రెండు మూడు వాక్యాలు, అవి పిల్ల కోసం రాసినవి కావు. పక్కన కూర్చునే అక్కకో నాయనమ్మకో చెప్పే మాటలు: "ఈ లెక్కలు చేసేటప్పుడు చింతగింజలు గానీ గోళీలు గానీ దగ్గర పెట్టండి" అన్నట్టు. మధ్యలో పని. రెండో వైపు చివర ఒక ఖాళీ పెట్టె. దాని మీద "నాకు అర్థం కానిది" అని రాశాం. ఉర్దూ షీట్లలో అదే పెట్టె ఉర్దూలో. మార్కుల గడి పెట్టలేదు. దీని గురించి ఒక సీనియర్ సార్ గట్టిగా పట్టుబట్టారు, "మార్కులేస్తే ఇంట్లో పెద్దవాళ్లే రాసి పంపిస్తారు" అని. ఆయన మాటే నిలబడింది.

అచ్చు పని మాకెవరికీ అలవాటు లేనిది. తెలుగు షీట్లు మేం ఫోన్లలో యూనికోడ్‌లో టైప్ చేసి పంపితే డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో ఒత్తులన్నీ విడిపోయి కనిపించాయి. అక్కడ వాడేది అను ఫాంట్లు, యూనికోడ్‌తో కలవని పాత పద్ధతి తెలుగు అక్షరాలు. వర్డ్‌లో పేజీ కట్టి, పీడీఎఫ్ చేసి పంపితే ఆ గొడవ పోయింది. ఉర్దూ షీట్లు మొదటినుంచీ ఉర్దూ పేజీలు కట్టే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేశాం, పుస్తకాల్లో ఉండే నస్తాలీఖ్ అనే వాలు రాతకు అలవాటైన పిల్లలు వేరే అక్షరం చూస్తే తడబడతారు. ఇక ప్రింటు. ఒక్కో వైపు రూపాయి చొప్పున జిరాక్స్ తీయిస్తే ఆరు బడులకు అయ్యే పని కాదు. రిసోగ్రాఫ్ మెషిన్ ఉన్న షాపు దొరికింది. అందులో ఒక పేజీకి ఒకసారి మాస్టర్ అనే స్టెన్సిల్ కట్ చేస్తే చాలు, కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. అయితే సన్న కాగితమైతే ఒకవైపు సిరా రెండోవైపు కనిపిస్తోంది. అందుకని బొమ్మలు, నల్లటి గడులు ఉన్నవి ఒకే వైపు పడేలా, రెండో వైపు గీతలు, ఖాళీలు మాత్రమే వచ్చేలా పేజీలు మార్చాం.

కాగితానికి డబ్బు టీచర్లే వేసుకున్నారు. మార్చి నుంచి మూడు నెలల జీతంలో సగం వాయిదా పడి, ఇంట్లో ఈఎంఐలు కట్టలేక సతమతమైనవాళ్లు కూడా ఇందులో ఉన్నారు.

సెప్టెంబర్ 2020

ఒకటో తేదీ నుంచి డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ విద్య టీవీ ఛానళ్లలో రోజూ ప్రసారం. చూశాను, పాఠాలు బాగున్నాయి. ముఖ్యంగా సైన్సు ప్రయోగాలు మా ల్యాబుల్లో చూపించలేనంత స్పష్టంగా చూపిస్తున్నారు. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఫోన్లు చేసి అడిగితే తెలిసింది: ఐదో తరగతి తమ్ముడి పాఠం, ఎనిమిదో తరగతి అక్క పాఠం వేర్వేరు గంటల్లో వస్తాయి, ఏది ఎప్పుడో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కొన్ని ఇళ్లలో కేబుల్ బిల్లు కట్టక టీవీ తెర నల్లగా ఉంది. చూసిన పిల్లలకు మధ్యలో సందేహం వస్తే అడగడానికి ఎవరూ లేరు.

అందుకే షీట్ల కవరు మీద ఆ వారం టీవీ టైంటేబుల్ అచ్చు వేయడం మొదలుపెట్టాం. షీటులో మొదటి ప్రశ్న ఆ వారం టీవీ పాఠం నుంచే వస్తుంది. టీవీ, కాగితం, టీచర్ ఫోను మూడూ ఒకే పాఠం గురించి మాట్లాడితే పిల్లవాడికి దారి దొరుకుతుంది.

గొంతు సంగతి. వీడియో క్లాసులు మేం పెట్టలేదు. పది నిమిషాల వీడియోకు నలభై, యాభై ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో పది నిమిషాల వాయిస్ నోటు రెండు మూడు ఎంబీకి మించదు. 28 రోజులకు 199 రూపాయలు పెట్టి రీచార్జి చేయించడమే భారమైన ఇంట్లో, ముగ్గురు పిల్లలు ఒక ఫోన్ పంచుకునేచోట, ఈ తేడా చాలా పెద్దది. వాట్సాప్ లేని మామూలు కీప్యాడ్ ఫోన్లకు ఇంకో దారి. వాయిస్ నోటు ఫైలు ఆ ఫోన్లలో పలకదు. దాన్ని ఎంపీ3గా మార్చి, మెమరీ కార్డులో వేసి ఇస్తే పాటల్లా వినొచ్చు. మా హైస్కూలు దగ్గరి రీచార్జి షాపు కుర్రాడు కార్డుల్లో ఫైళ్లు ఎక్కించే పని తన మీద వేసుకున్నాడు.

కాన్ఫరెన్స్ కాల్ కూడా వాడుతున్నాం. మామూలు కాల్లో నేను కాకుండా ఐదుగురిని మాత్రమే కలపొచ్చు. మొదట తక్కువనిపించింది. నెల రోజులు చేశాక, లెక్కలకు ఐదుగురే సరైన సంఖ్య అనిపిస్తోంది. నలభై మంది క్లాసులో వెనక బెంచీలో తల వంచుకొని కూర్చునే పిల్ల ఐదుగురి కాల్లో తప్పించుకోలేదు, తప్పించుకోవాలని కూడా అనుకోవడం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకు కాల్ పెడితే వెనకాల కుక్కర్ విజిల్, టీవీ సీరియల్, ఎవరో ఏడుస్తున్న చిన్నపాప, వీటన్నిటి మధ్యా భాగాహారం నడుస్తుంది.

అక్టోబర్ 2020

13వ తేదీ రాత్రి వాన. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా పడిందన్నారు. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగింది. ఆ నీళ్లు ఇంకా తీయకముందే 17న మళ్లీ వాన, బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ గల్లీల్లోకి నీళ్లు దూసుకొచ్చాయి. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు అక్కడే.

షీట్లు ఆపేశాం. ఆ వారం ఫోన్లు చేసింది ఎవరు ఎక్కడున్నారో, తిన్నారో లేదో తెలుసుకోవడానికే. మా రెండు బడుల గదులు ఇళ్లు మునిగినవాళ్లకు తెరిచారు. ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల సాయం కోసం ఆధార్ కాగితాలు వెతుక్కునేవాళ్లకు మా రిజిస్టర్లలోని వివరాలు కొంత ఉపయోగపడ్డాయి.

నీళ్లు తీశాక హఫీజ్ బాబా నగర్‌లో ఒక ఇంటికి వెళ్లాం. ఏడో తరగతి అమ్మాయి. ఇంట్లో బియ్యం పోయాయి, పరుపులు పోయాయి, వాళ్ల నాన్న కుట్టు మెషిన్ బురదలో ఉంది. ఆ అమ్మాయి మేడ మీద ఆరేసిన తన పుస్తకాల దగ్గర కూర్చుంది. సైన్సు పుస్తకం ఉబ్బి రెండింతలైంది. పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి, మధ్యమధ్య సన్నటి బురద పొర. ఎండలో పెడితే అట్ట వంకర తిరిగిపోతుంది, పేజీలు పెళుసెక్కుతాయి. నీడలో ఫ్యాను కింద పెట్టి, ఇరవై పేజీలకొక పాత న్యూస్‌పేపర్ పెట్టి, తడి పీల్చుకోగానే మార్చుతూ ఉంటే పుస్తకం నిలుస్తుందని మా లైబ్రరీ చూసుకునే టీచర్ చేసి చూపించారు. ఆ అమ్మాయి ఒక్కో పేజీని గోటితో మెల్లగా లేపుతూ, "టీచర్, ఈ పాఠం అయిపోయింది కదా, ఇది పోయినా పర్వాలేదు, ముందు ఇక్కణ్నుంచి విడదీద్దాం" అంది. జరగని పాఠాలను ముందు కాపాడుకుంది.

పుస్తకాలు పోయిన పిల్లల జాబితా రాసుకున్నాం. పై తరగతికి వెళ్లిన పిల్లల దగ్గర పాత పుస్తకాలు అడిగితే మరుసటి రోజే సంచులు వచ్చాయి. ఉర్దూ మీడియం సెట్లు దొరకడం కష్టమైంది, ఇంకో మండలం బడులు సర్దాయి.

నవంబర్, డిసెంబర్ 2020

షీట్లు మళ్లీ మొదలు. తిరిగొచ్చిన కాగితాలను మొదట్లో మూడు రోజులు అట్టపెట్టెలో ఉంచి అప్పుడు ముట్టుకునేవాళ్లం. కాగితం కంటే గాలితోనే ఎక్కువ ప్రమాదమని తెలిశాక ఆ పద్ధతి మానేసి, కిటికీలు తెరిచి దూరదూరంగా కూర్చొని దిద్దుతున్నాం.

డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. బడులన్నీ పోలింగ్ స్టేషన్లు, సగం మంది టీచర్లకు డ్యూటీ. బ్యాలెట్ పేపర్ల ఎన్నిక కాబట్టి ఇంకాస్త ఎక్కువ పని. పంపిణీ ఒక వారం కిరాణా షాపుల మీదుగా నడిచింది. అది ఎంత బాగా నడిచిందంటే, తర్వాత అదే పద్ధతి ఉంచేశాం. బడికి రమ్మంటే రాని తల్లి కూడా పాల ప్యాకెట్ కోసం షాపుకు వస్తుంది, షీట్ల కవరూ తీసుకెళ్తుంది.

ఇప్పుడు "నాకు అర్థం కానిది" పెట్టె గురించి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. మొదటి వారాల్లో ఖాళీగా వచ్చింది. తర్వాత "అన్నీ అర్థమయ్యాయి" అని రాశారు, టీచర్‌కు అలా రాయాలనుకొని. ఒక్కో షీటు మీద జవాబు రాసి తిరిగి పంపడం మొదలుపెట్టాక నిజాలు రావడం మొదలైంది. "హారం అంటే ఏమిటి, దండనా?" అని నాలుగో తరగతి పిల్ల. "టీవీలో సార్ తొందరగా తుడిచేశారు" అని ఎనిమిదో తరగతి. "ఇంట్లో గొడవగా ఉంది, చదవలేదు" అని ఒక కాగితం. దాని మీద ఎర్ర పెన్ను పెట్టలేదు, మా టీచర్ ఆ సాయంత్రమే ఫోన్ చేశారు.

ఐదో తరగతి పిల్లవాడొకడు వరుసగా అన్ని లెక్కల్లో నాలుగో వంతు సగం కంటే పెద్దదని రాశాడు. క్లాసులో అయితే తప్పు కొట్టి ముందుకు వెళ్లేదాన్ని. కాల్లో అడిగాను, ఎందుకు పెద్దది అని. "రెండు కన్నా నాలుగు పెద్దది కదా టీచర్" అన్నాడు. వాడి ఆలోచన సూటిగానే ఉంది, కింది అంకె ఏం చెబుతుందో ఎవరూ చేతికి అందించలేదు, అంతే. ఆ పూట ఇంట్లో ఏముందని అడిగితే రొట్టె అన్నాడు. ఒక రొట్టెను ఇద్దరికి, ఇంకోదాన్ని నలుగురికి పంచి చూడమన్నాను. ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత వాడి చెల్లి అరిచింది, "నాకు చిన్న ముక్క ఇచ్చాడు!" అని. మరుసటి వారం నుంచి భిన్నాల షీట్లన్నీ మార్చేశాం: ముందు కాగితం మడిచి రంగు వేయడం, ఆ తర్వాతే అంకెలు.

జనవరి 2021

పాత ఫోన్లు సేకరిస్తున్నాం. పక్కన పడేసిన స్మార్ట్ ఫోన్లు మధ్యతరగతి ఇళ్లలో చాలానే ఉన్నాయి. వచ్చినవాటిలో వెంటనే వాడగలిగేవి తక్కువ. బ్యాటరీ ఉబ్బినవి ముందే పక్కన పెడతాం, వాటిని చార్జింగ్‌కు పెట్టడం ప్రమాదం. చార్జింగ్ ఎక్కనివాటిలో చాలావాటికి కనెక్టర్లో పేరుకున్న దుమ్మే కారణం, స్విచాఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే సరిపోతోంది. అసలు చిక్కు గూగుల్ లాక్. ఇచ్చినవాళ్లు తమ అకౌంట్ తీసేయకుండా రీసెట్ చేస్తే, మళ్లీ తెరిచేటప్పుడు పాత అకౌంటే అడుగుతుంది. అందుకే ఇప్పుడు ఫోన్ తీసుకునేటప్పుడే వాళ్ల ముందే అకౌంట్ తీయించి, రీసెట్ చేయించి తీసుకుంటున్నాం. వాళ్ల ఫొటోలు మన చేతికి రాకపోవడం కూడా ముఖ్యమే.

మొదటి ఫోన్లు పదో తరగతి ఆడపిల్లలకు ఇవ్వాలని తీర్మానం. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ముందు అన్నకో తమ్ముడికో వెళ్తోంది.

ఫిబ్రవరి 2021

ఒకటో తేదీన తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. అంతకుముందు రెండు రోజులు జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య కార్మికులు వచ్చి గదులు కడిగి, హైపోక్లోరైట్ చల్లారు. గదికి 20 మందికి మించకూడదు, తల్లిదండ్రుల అంగీకార పత్రం ఉండాలి, రాకపోయినా బలవంతం లేదు.

పిల్లలు వచ్చారు. పోయిన మార్చిలో నా భుజం దాకా ఉన్నవాళ్లు ఇప్పుడు నన్ను దాటేశారు. ప్యాంట్లు చీలమండల పైకి వెళ్లిపోయాయి, బూట్లు పట్టక చెప్పులతో వచ్చారు, యూనిఫాం గురించి ఎవరూ ఒక్క మాట అనొద్దని హెచ్‌ఎం మేడం ముందే చెప్పారు. కొందరు మగపిల్లలు రాలేదు. ఒకడు పంక్చర్ షాపులో, ఇంకొకడు చికెన్ సెంటర్లో ఉన్నట్టు తోటి పిల్లలు చెప్పారు. ఆ షాపులకు మా సార్లు వెళ్లి యజమానులతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. కొందరు వెనక్కి వచ్చారు. అందరూ కాదు.

మొదటి వారం పాఠం మొదలుపెట్టలేదు. ఏం గుర్తుంది, ఏం పోయింది చూసుకున్నాం. షీట్లు వరుసగా చేసిన పిల్లలు లెక్కల్లో నిలబడ్డారు. చదవడంలో మాత్రం అందరూ నెమ్మదించారు. తెలుగు వాచకం గట్టిగా చదవమంటే పదం పదం కూడబలుక్కుంటున్నారు. ఏడాదిగా గట్టిగా చదివిన సందర్భమే వాళ్లకు లేదు. షీటు చూసి చదివేది లోపల, కాల్లో మాట్లాడేది జవాబు. ఇక నుంచి ప్రతి కాల్లో ముందు రెండు నిమిషాలు ఒకరు పైకి చదవాలి.

24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కూడా వచ్చాయి. అన్నం డబ్బాలు తెచ్చే వ్యాన్ హారన్ వినగానే పిల్లలు చేసిన కేరింతకు స్టాఫ్ రూములో అందరం లేచి నిలబడ్డాం.

మార్చి 24, 2021

మళ్లీ మూత. నిన్న శాసనసభలో విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ప్రకటించారు. సాయంత్రం బడి విడిచేలోపు ప్రతి పిల్ల చేతిలో రెండు వారాల షీట్లు పెట్టి పంపాం. పోయిన ఏడాది మార్చిలో చేతిలో ఏమీ లేకుండా పంపాం. ఈసారి అలా కాలేదు.

ఏప్రిల్ 26, 2021

ఈరోజు విద్యా సంవత్సరానికి చివరి పనిదినం. రేపటి నుంచి మే 31 దాకా వేసవి సెలవులు. ఒకటి నుంచి తొమ్మిది తరగతుల పిల్లలంతా పై తరగతికి వెళ్లినట్టే. పదో తరగతి పరీక్షలు ఈ ఏడాదీ రద్దయ్యాయి, 15న ప్రకటించారు. పదో తరగతి పిల్లల్లో సంతోషించినవాళ్లున్నారు, గది మూలన కూర్చొని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. రాత్రి తొమ్మిది నుంచి కర్ఫ్యూ నడుస్తోంది. గ్రూపులో ఇప్పుడు షీట్ల గురించి వచ్చే మెసేజ్‌ల కంటే ఆక్సిజన్, బెడ్ల గురించి వచ్చేవే ఎక్కువ. 45 దాటిన టీచర్లు చాలామంది దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో కోవిడ్ టీకా మొదటి డోసు వేయించుకున్నారు. మిగతావాళ్లకు మే 1 నుంచి అవకాశం.

మా ఉర్దూ షీట్లన్నీ మొదటి రోజు నుంచీ రాసిన సార్ ఈ నెల రెండో వారంలో కోవిడ్‌తో చనిపోయారు. ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు కూడా ఆరో తరగతి షీటు పీడీఎఫ్ పంపి, "ఇందులో మూడో ప్రశ్నలో ఒక నుక్తా పోయింది, చూసి వేయండి" అని మెసేజ్ పెట్టారు. నుక్తా అంటే ఉర్దూ అక్షరం మీద పెట్టే చుక్క. చూసి వేశాం సార్. ఆయన పేరు ఇక్కడ రాయొద్దని ఇంట్లోవాళ్లు కోరారు. ఆయన రాసిన షీట్లు పిల్లలందరి ఇళ్లలో ఉన్నాయి. వాళ్ల కుటుంబానికి రావాల్సిన పెన్షన్, ఇతర కాగితాల పని ఇద్దరు టీచర్లు వెంట ఉండి చూసుకుంటున్నారు.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లు చాలామంది. ఎవరు ఏం చేశారో రాయకుండా "అందరికీ ధన్యవాదాలు" అంటే నాకు మనసొప్పదు.

రిసోగ్రాఫ్ షాపు అన్న. లాక్‌డౌన్‌లో పెళ్లి కార్డుల ఆర్డర్లు పూర్తిగా పోయి, షాపు అద్దె బాకీ పడినప్పుడు కూడా మా దగ్గర ఇంకు, మాస్టర్ ఖర్చు మాత్రమే తీసుకున్నారు. సోమవారం పొద్దున షీట్లు అందాలంటే ఆదివారం మెషిన్ నడవాలి. నడిపారు.

కవర్లు పెట్టుకున్న కిరాణా షాపులవాళ్లు. వాళ్లలో ఒక చాచా, కవరు తీసుకెళ్లని పిల్లల పేర్లు సిగరెట్ అట్ట మీద రాసి శనివారం మాకు ఇచ్చేవారు. ఒక పిల్ల కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందని మాకు తెలిసింది ఆ అట్ట వల్లే.

బిల్లు కట్టకపోయినా చదువుకునే పిల్లలున్న ఇళ్లకు లైన్ కట్ చేయని కేబుల్ ఆపరేటర్. గల్లీ గల్లీ తిరిగి సర్వేలు చేస్తూనే, ఫలానా ఇంట్లో పిల్లలు మీ బడివాళ్లేనని మాకు కబురు చెప్పిన ఆశా కార్యకర్తలు. ఇంటర్ చదువుతూ తమ గల్లీలో సాయంత్రం మెట్ల మీద చిన్న పిల్లలను కూర్చోబెట్టుకొని షీట్లు చేయించిన మా పాత విద్యార్థినులు. వాళ్లను పిల్లలు ఆపా అనీ అక్క అనీ పిలుస్తారు, కొందరైతే టీచర్ అనేస్తున్నారు.

ఆటో నడిపే ఒక తండ్రి. ఆయన కూతురు ఎనిమిదో తరగతి. అక్టోబర్ నుంచి ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఫోన్ కూతురికి ఇచ్చి గంటసేపు పడుకునేవారు. ఆ గంటలో వచ్చే బుకింగులు పోతాయి. అదేమని అడిగితే, "పోతే పోనీ మేడం, బిడ్డ వాయిస్ నోట్లు వింటది, నేను నడుం వాలుస్త" అన్నారు. తర్వాత ఆ గల్లీలో మరికొందరు నాన్నలు కూడా అలాగే చేశారు. మా టైంటేబుల్‌లో మధ్యాహ్నం రెండింటి కాల్ వాళ్ల వల్లే వచ్చింది.

ఇంకొకరి గురించి కొంచెం ఎక్కువ రాయాలి. మా ఆడియో పాఠాల్లో పిల్లలకు బాగా నచ్చిన గొంతు ప్రభుత్వ టీచర్‌ది కాదు. ఆమె ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లు తెలుగు చెప్పారు. పోయిన ఏప్రిల్ నుంచి జీతం ఆగింది, జూన్‌కల్లా రావద్దన్నారు. ఇంట్లో మాస్కులు కుట్టి, ఆ తర్వాత కూరగాయల బండి పెట్టుకొని నడుపుకొచ్చారు. మా షీటు ఒకటి ఆమె బండి దగ్గర ఒక పిల్ల చేతిలో చూసి, అందులో పద్యం ఎలా చదవాలో చెబుతానని ఫోన్ చేశారు. మార్కెట్‌కు వెళ్లే ముందు, తెల్లవారుజామున వీధిలో చప్పుడు లేనప్పుడు, దుప్పటి కప్పుకొని రికార్డు చేసేవారు, గొంతు మారుమోగకుండా. వేమన పద్యం చెబితే ముందు ఒకసారి రాగంతో, తర్వాత పదం విరిచి, తర్వాత మామూలు మాటల్లో. పిల్లలు ఆ పద్యాలు కాల్లో మాకే అప్పజెప్పారు. ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ఈ నెలలో ప్రభుత్వం ప్రకటించాక ఆమె దరఖాస్తు చేసుకున్నారు. మేం ఇచ్చిన గౌరవ వేతనం ఎంతో రాయడానికి నాకు మొహం చెల్లదు, అంత తక్కువ. వచ్చే ఏడాది దాన్ని పెంచాలని గ్రూపు తీర్మానించింది.

పిల్లలూ, మీకు కూడా. బురద పేజీలు విడదీసిన ఏడో తరగతి అమ్మాయికి, చెల్లికి చిన్న ముక్క ఇచ్చిన పిల్లవాడికి, "హారం అంటే దండనా" అని అడిగిన పాపకు. మీరు రాసిన పెట్టెలు చదివే మేం ఈ ఏడాది పాఠం చెప్పడం నేర్చుకున్నాం.

వేసవి పనులు. ఇచ్చిన ఫోన్లు ఎవరూ తిరిగి ఇవ్వక్కర్లేదు, చార్జర్ పాడైతే రీచార్జి షాపులో చెప్పండి. కాన్ఫరెన్స్ కాల్స్ మే నెలలో వారానికి ఒక్కటే, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే అదీ వద్దు, ఒక మిస్డ్ కాల్ ఇస్తే మేమే చేస్తాం. జూన్ మొదటి రెండు వారాల షీట్లు పోయిన తరగతివే ఉంటాయి, పై తరగతి పాఠం వాటి తర్వాతే. ప్రతి షీటులో పైకి చదివే ఒక పేరా ఉంటుంది. బడులు తెరిచినా తెరవకపోయినా కవర్లు కిరాణా షాపుల్లో ఉంటాయి. లెక్కల షీట్లు నా దగ్గర సిద్ధం, తెలుగు సగం అయ్యాయి. ఉర్దూ షీట్లు ఇంకా మొదలు కాలేదు. ఇన్‌పేజ్ వచ్చినవాళ్లు, ప్రైమరీ పిల్లలకు ఉర్దూ చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఒకరిద్దరు మే రెండో వారంలోపు కావాలి. సార్ చేసిన ఫైళ్లన్నీ తరగతి వారీగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, వచ్చినవాళ్లకు అది ఇస్తాం.